వేపమండల పందిరి

మనవరాలి మంచం మీద మావాడు తెల్లటి పరదాతో పందిరి కట్టి, దీపాల తోరణాలు వేలాడదీశాడు. "నానమ్మా, మంచిగున్నదా?" అని అడిగింది పిల్ల. గుంటలు పడ్డ నా చెంప తడుముకున్నాను. ఎక్కడినుంచో వేపాకు వాసన.

సిద్దిపేటలో, నా ఆరో ఏట, పద్నాలుగేళ్ల అక్కకు మశూచి వచ్చింది. బాపు ఆమె మంచానికి వెదురు కర్రలు కట్టి, పైన, మేం అవ్వ అని పిలిచే అమ్మ దుబ్బాక చీర పరిచి, చుట్టూ వేపమండలు వేలాడగట్టాడు. అంత అందమైన మంచం నేనెన్నడూ చూడలేదు. అవ్వ పొద్దస్తమానం అక్క కాళ్లకు మొక్కుతూ, "సల్లగ సూడు తల్లీ" అని అడుగుతూనే ఉండేది.

"అక్క కాళ్లు ఎందుకు మొక్కుతున్నవే?" అన్నాను.

"అక్క మీద అమ్మోరున్నది బిడ్డా. ఏదడిగినా ఇస్తది."

అవ్వ నీళ్లకు పోగానే పందిరి కిందికి దూరి, కాలిపోతున్న అక్క చేయి పట్టుకున్నాను. "తల్లీ, నాకు గూడ గిసొంటి పందిరి ఇయ్యి."

అక్క కళ్లు తెరవలేదు. "ఇస్త తియ్," అన్నది.

మర్నాడే అక్క పోయింది. బాపు ఆ చీరను ఊరి బయట కాల్చి వచ్చాడు. పందిరి పోయిందని ఏడ్చాను.

కొన్నాళ్లకే నా మంచానికి కర్రలు కట్టాడు బాపు. అవ్వ నా కాళ్లకు కూడా మొక్కింది. ఏమీ అడగలేదు.