అలుకు పడని చోటు

దయ్యాలంటే నాకు నవ్వు. ముప్పై ఏళ్లు వేలూరులో ఊరివాళ్ల ఇళ్లు ఊడ్చి, కడిగి, సున్నం కొట్టి, అలికి బతికినదాన్ని. తాళం తీయడానికి మగవాళ్లు జంకే ఇళ్లలోకి కూడా చీపురు పట్టుకుని ముందు నేనే దూరాను. గబ్బిలాలు ఉన్నాయి, తేళ్లు ఉన్నాయి, ఒకసారి పాము కూడా ఉంది. దయ్యం అనేది ఉంటే ఏదో ఒకనాడు నా చీపురుకు తగిలి ఉండేది కదా?

ఇది నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతున్నా, అక్షరం మాత్రం నాకు రాదు. "నీ మాట ఉన్నదున్నట్టు రాస్తే ఎవరూ చదవరు అవ్వా, దిద్ది రాస్తాను" అంది. దిద్దుకోమన్నాను. కానీ జరిగింది మాత్రం దిద్దవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

మాది గుడియాత్తం. నేతపని చేసే కుటుంబం. మా ఆయన గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు. నేలలో మోకాళ్ల లోతు గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని నేస్తారు. ఒక వానాకాలం ఆయనకు జ్వరం వచ్చింది. పదకొండో రోజున పోయాడు. అప్పటికి మా గంగకు ఆరేళ్లు.

ఆ తర్వాత మా బావ, అంటే ఆయన అన్న, మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ పెట్టిన ముద్దను పదిమందికి వినబడేలా చెప్పుకునే మనిషి. నేనూ గంగా పొద్దస్తమానం మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్లం. ఆ పసిదాని వేళ్లు నూలుకు కోసుకుపోయేవి. ఒకరోజు నేను ఊరుకోలేక గట్టిగా అడిగాను. నా నోరు అలాంటిది, ఏం చేయను!

"అంత రోషం ఉంటే పో. బిడ్డను మాత్రం ఇడ్సిపెట్టి పో. తలుపుండే ఇల్లు ఒకటి నీదని సూపించు, ఆ పొద్దు వచ్చి పిలుచుకొనిపో. నా తమ్ముని బిడ్డను వీధిలో పండబెట్టేదానికి ఒప్పుకోను" అన్నాడు.

ఆ మాటలో న్యాయం కూడా ఉంది, అదే నాకు మండింది. గంగ నా కొంగు పట్టుకుని వదల్లేదు. దాని వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి రైలెక్కాను. కాట్పాడిలో దిగి వేలూరుకు నడిచాను. దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను.

వేలూరులో మా పెద్దమ్మ కూతురు కుప్పక్క ఉండేది. ఆమెకూ మొగుడు లేడు, ఒక సత్రం వెనక వసారాలో పడుకునేది. ఆ రోజుల్లోనే జిల్లా కచేరీ, అంటే కలెక్టరు ఆఫీసు, చిత్తూరు నుంచి వేలూరుకు మారింది. గుమాస్తాలు, వాళ్ల సంసారాలు బండ్లు కట్టుకుని దిగుతున్నారు. ఖాళీ ఇళ్లు ఉన్నాయి కానీ ఒక్కటీ మనిషి ఉండేలా లేదు. ఊడ్చేవాళ్లు ఊడ్చిపోతారు, సున్నం కొట్టేవాళ్లు గోడ పని చూసుకుని పోతారు, అలకడానికి మళ్లీ వేరే మనిషి. వీళ్లందరి వెంట తిరగలేక గుమాస్తాలు విసిగిపోయేవాళ్లు.

"అంతా మనమే చేసి తాళంచెవి చేతికిస్తే?" అన్నాను కుప్పక్కతో.

"చేతిలో చిల్లికాసు లేదు, యాపారం అంటా యాపారం!" అని నవ్వింది. నవ్వినా మరునాటి పొద్దునే లేచి నాతో వచ్చింది.

కొబ్బరి మట్టలు ఏరి చీపుళ్లు మేమే కట్టుకున్నాం. పేడ రోడ్డు మీద దొరికేది. సున్నం బట్టీలో రెండు రోజులు చాకిరీ చేస్తే ఒక తట్ట సున్నం ఇచ్చారు. తుడవడానికి నేను గుడియాత్తం నుంచి మూట కట్టి తెచ్చిన చిక్కు నూలు ఉంది. నేతలో పనికిరాక మిగిలే ఆ నూలు ఉండ ముందు ఏ గుడ్డా పనికిరాదు, దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. ఇంకొకటి, సున్నంలో బియ్యపు గంజి కలిపేదాన్ని. నూలుకు గంజి పెట్టిన చేయి కదా, ఎంత కలపాలో తెలుసు. అలా కొట్టిన గోడకు ఆనుకున్నా సున్నం అంటదు.

గుమాస్తాలవి నల్లకోట్లు. మామూలు గోడకు వీపు ఆనిస్తే కోటు తెల్లబడి కచేరీలో నవ్వులపాలయ్యేవాళ్లు. మేము కొట్టిన గోడకు ఆనుకున్న ఒకాయన వీపు నల్లగానే ఉండటంతో మా పేరు నలుగురి నోటా పడింది.

అలా వచ్చాడు చిత్తూరు గుమాస్తా. నెమ్మదైన మనిషి. సత్తువాచారి వైపు పోయే దారిలో ఆయన అద్దెకు తీసుకున్న ఇల్లు ఏళ్ల తరబడి మూసి ఉంది. నాలుగో రోజు పొద్దున పాలు పొంగించే ముహూర్తం, అంటే మాకు మూడు రోజులు.

"అమ్మా, పని చక్కగా చేసి ఇస్తే పెరట్లో ఉండే గది మీరే వాడుకోండి. మా ఇంటిదానికి తోడుగా ఒక మనిషి కావాల" అన్నాడు.

ఆ గదిని చూడటానికి పరుగెత్తాను. చిన్న గది, కప్పు మీద పెంకులు, ఒక తలుపు, తలుపుకు గడియ. గడియ వేసి తీసి చూశాను. లోపల నిలబడి ఇక గంగ నా దగ్గరే పడుకుంటుందని గట్టిగా పైకే అన్నాను.

మొదటి రోజు దుమ్ము దులిపి గోడలకు సున్నం కొట్టాం. రెండో రోజు పొద్దున నడిమిల్లు నేను అలికాను. మట్టినేల, పెద్ద గది. మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వచ్చాను. కాళ్లు కడుక్కుని తిరిగి చూస్తే నడుమ ఒక చోట అలుకు లేదు.

చదరంగా, నలుపలకగా, అంచు గీసినట్టుగా ఉంది. ఒక మనిషి కాళ్లు దించుకుని కూర్చునేంత చోటు. నా వేళ్ల గీతలు అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. లోపల పొడి మట్టి.

"ఏమే మునెమ్మా, నడిమిట్లో ఈ జాగా ఎందుకు ఇడ్సిపెట్టినావు?" అంది కుప్పక్క.

నాకు నవ్వొచ్చింది. మా ఇళ్లలో మగ్గం గుంట చుట్టూ అలికి, గుంట దగ్గర చేయి ఆపేస్తాం. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. చేయి దాని దారిన అది ఆగి ఉంటుందనుకున్నాను. మళ్లీ పేడ కలిపి ఆ చోటు మాత్రం బాగా పట్టించాను. చల్లగా చేతికి తగలడం నాకు గుర్తుంది. బావి దగ్గరకు పోయి వచ్చేసరికి ఆ చోటు మళ్లీ పొడిగా ఉంది. పేడ ఎండిన పెళ్ల కూడా లేదు.

సాయంత్రం కుప్పక్క అలికింది. ఆమె నాలాంటిది కాదు, పని మీద కళ్లు పెట్టి చేసే మనిషి. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే అదే నలుపలక.

రోకలితో కొట్టి చూశాను. గట్టి నేల, ఎక్కడా డొల్ల మోత లేదు. ఆ ఇంటి సొంతదారు తరఫున తాళాలు చూసే ముసలాయనను పిలుచుకొచ్చి అడిగాను. నవ్వుతూ అరవంలో, ఇక్కడ మగ్గం ఎక్కడిది, ఇది కట్టిన నాటి నుంచి బియ్యం మూటలు వేసుకున్న ఇల్లు అన్నాడు. ఆ వీధిలోనే నేతగాళ్లు లేరట.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఇంకొక్క రాత్రి గడిస్తే ముహూర్తం. నడిమింట్లో అలుకు పడని ఇంట్లో ఏ ఇల్లాలు పాలు పొంగిస్తుంది? అశుభం అని వెనక్కి తిరిగిపోతారు. పేరు పోతుంది, గది పోతుంది. అక్కడ గంగ కండెలు చుడుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ కాసింది. పెంకుల సందుల నుంచి వెలుగు చారలు చారలుగా దిగి, ఇంకా గాలిలో ఉన్న సున్నపు పొడి వాటిలో మెల్లగా తేలుతోంది. కుప్పక్క గుమ్మం పక్కన పడుకుంది. నేనూ గోడ వార ఒరిగాను. నేల చల్లగా ఉంది. గంజి వాసన వస్తోంది. నిద్రా మెలకువా కాని స్థితిలో ఉండగా మగ్గం చప్పుడు వినబడింది.

ముందు ఆశ్చర్యం కూడా కలగలేదు. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెల్లగా. మళ్లీ రెండు గట్టిగా, మూడోది మెల్లగా. అలా విని విని, ఎంతసేపటికో అది మా ఆయన దెబ్బేనని తెలిసింది. నేతగాని దెబ్బ అతని నడకలాంటిది, ఒకరిది ఇంకొకరికి రాదు. మా వీధిలో ముప్పై మగ్గాలు ఒక్కసారి మోగినా ఆయనది ఏదో నేను చెప్పేదాన్ని. మూడో దెబ్బ ఎందుకు మెల్లగా వేస్తావని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

కళ్లు తెరిచాను. గదిలో ఎవరూ లేరు. వెలుగు చారలు నేల మీద ఆ నలుపలక చోటు దాకా వచ్చాయి. చప్పుడు అక్కడి నుంచే వస్తోంది. నాకు అంత హాయిగా ఎన్నడూ లేదు. లేవాలని అనిపించలేదు. అలాగే వింటూ సాయంత్రం దాకా ఉండిపోవాలనిపించింది. దేవుడి మీద ఒట్టు, నా బిడ్డను కూడా కాసేపు మరిచిపోయాను.

తర్వాత గంగ గుర్తొచ్చింది. దానితోపాటు నేను చేసిన తప్పు కూడా తెలిసింది. మా ఇళ్లలో మగవాడు మగ్గంలో కూర్చుని ఉండగా అలకము. మగ్గానికి బిగించిన పడుగు నూలు మీద పేడనీళ్లు చిందితే నేత పాడవుతుంది. ముందు అతన్ని లేవమని అడగాలి. ప్రతి శుక్రవారం నేను అడిగేదాన్ని. ఇక్కడ మూడుసార్లు అలికాం, ఒక్కసారైనా అడగలేదు.

లేచి పేడ తట్ట తెచ్చుకుని అక్కడ కూర్చున్నాను. ఎప్పుడూ అనే మాటే అన్నాను.

"ఇదో, లెయ్యప్పా. అలకల్ల. సీక్రం లేసి ఆ పక్క కూసో."

చప్పుడు ఆగింది. మూడో దెబ్బ పడలేదు, రెండో దెబ్బతోనే ఆగింది. అలికాను. కన్నీళ్లు పేడలో పడుతూనే ఉన్నాయి. ఎండ వాలేసరికి నేలంతా ఒక్క తీరుగా ఆరింది.

కుప్పక్క లేచి ఆవులిస్తూ అడిగింది.

"పక్కింట్లో ఎవురో మగ్గం నేస్తా ఉన్నారే, నిద్రలో వింటి. ఆపేసినారా?"

ఆ మాట ఆమె అన్నందువల్లే ఇది నా కల కాదని ఇన్నాళ్లూ నమ్ముతున్నాను.

మరునాడు గుమాస్తా భార్య నడిమింట్లో ముగ్గు వేసి పాలు పొంగించింది. నేల చూసి, అద్దంలా ఉండాదమ్మా అంది. గడియ ఉన్న ఆ గది నాకిచ్చారు. ఆ వారమే గుడియాత్తం పోయాను. మా బావ తలుపుందా అని మాత్రం అడిగాడు, ఉందన్నాను. గంగను చంకనెత్తుకుని రైలెక్కాను. ఏడేళ్లు నిండబోయే పిల్ల, బరువే, కాట్పాడి దాకా ఒళ్లో నుంచి దించలేదు. ఆ తర్వాత వేలూరులో నేనూ కుప్పక్కా ఎన్ని ఇళ్లు బాగుచేశామో మాకే గుర్తులేదు.

ఆ చప్పుడు మళ్లీ వినబడలేదు. ఎన్నో మధ్యాహ్నాలు పని ఎగ్గొట్టి ఆ నడిమింట్లో గోడ వార ఒరిగాను. గుమాస్తా భార్య నాకు నడుం నొప్పి అనుకుని నూనె కాచి ఇచ్చేది. మగ్గమే లేని ఇంట్లో, ఆయన ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లో, అది ఎలా జరిగిందో నాకు తెలియదు. ఎంతోమందిని అడిగాను. వాళ్లు చెప్పినవేవీ నాకు సరిపడలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

నన్ను తొలిచేది అది కూడా కాదు. బిడ్డ కోసం ఆయన్ని లేవమన్నాను, మారుమాట లేకుండా లేచాడు. ఆ పక్క కూర్చోమన్నాను. మా ఇంట్లో ఆ పక్క అంటే వీధి అరుగు, అక్కడ కూర్చుని నేల ఆరేదాకా వక్కాకు వేసుకుని మళ్లీ లోపలికి వచ్చేవాడు. ఆ గుమాస్తా ఇంటికి అరుగు లేదు.