గీత పక్కన చూడు

మా మేడమ్ పోయారని సోమవారం పొద్దున ల్యాబ్ అటెండర్ ఫోన్ చేసి చెప్పాడు. హన్మకొండ ఆసుపత్రిలో తేరుకుంటున్నారనే అనుకున్నాం. ఫోన్ పెట్టేశాక కూడా నమ్మబుద్ధి కాలేదు.

వరంగల్‌లో మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ పాఠం తుప్పు గురించి. మిలిటరీ ట్రక్కులకు, జీపులకు వేసే పూతలు తుప్పును ఆపుతాయో లేదో పరీక్షించడం ఆవిడ పని. ఇనుప రేకుకు పూత వేసి, ఆరాక, ఇనుము కనబడేదాకా దాని మీద గీత గీసేవారు. కొన్ని రేకులు ఉప్పునీటి తుంపర చల్లే పెట్టెలోకి, కొన్ని డాబా మీద ఎండావానలకు. అడవిలో కొమ్మ గీరుకోని బండి ఉంటుందా అనేవారు. తన కొత్త స్కూటర్‌నే సీటు కింద తాళంచెవితో గీరి చూసుకున్న మనిషి. అందుకే మాలో ఎవరూ ఆవిడకు బండి ఇచ్చేవాళ్లం కాదు.

నేను ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు ఒక కంపెనీ పూత వచ్చింది. నెలలు గడిచినా రేకు తళతళలాడుతూనే ఉంది. పాస్ చేద్దామని అందరం అన్నాం. మేడమ్ గీత అంచున గోరు పెట్టారు. పూత అప్పడంలా లేచి వచ్చింది. కింద ఎర్రటి తుప్పు. మా తమ్ముడు సరిహద్దులో మిలిటరీ ట్రక్కు నడుపుతాడని ఆవిడకు తెలుసు.

"గీత పక్కన చూడు బిడ్డా. మీద మెరుపు ఎవలన్న తెస్తరు. మీ తమ్ముడు తోలే బండికి గిది పూస్తవా?" అన్నారు.

ఆ పూత ఫెయిలైంది. ఇప్పటికీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

వాన వస్తే మేడమ్ గొడుగు వేసుకుని రేకులు చూడ్డానికి డాబా ఎక్కేవారు. అటెండర్ ఒకసారి జాలిపడి రేకుల మీద టార్పాలిన్ పట్టా కప్పితే, బండ్లు ఏ గొడుగు కింద పోతాయని నవ్వారు. ఆసుపత్రికి చూడబోతే తన ఒంటి సంగతి ఎత్తలేదు. చివరగా డాబా మీద పెట్టిన రేకుల గురించే అడిగారు. ఈసారి పూత ఆవిడ సొంతంగా తయారుచేసింది. ఏళ్ల కష్టం. బాగున్నాయన్నాను.

"ఒక్క గట్టి వాన పడనియ్యి. అప్పుడు జూసి చెప్పు."

అంత్యక్రియలైన మర్నాడు వాన దంచింది. తగ్గకముందే కాలేజీ డాబా ఎక్కి, గీత అంచున గోరు పెట్టాను. గోరు నొప్పి పుట్టింది గానీ పూత లేవలేదు. ఎంత సంతోషపడేవారో. చెప్పడానికి మనిషి లేక ఏడుపొచ్చింది.

దిగుతుంటే మెట్ల తలుపు వెనక, మేకుకు ఆవిడ గొడుగు పొడిగా వేలాడుతోంది.