మా అమ్మ వృత్తి దిద్దించిన టీచరుగారు

భ్రమరాంబ టీచరుగారు మొన్న మంగళవారం తెల్లవారుజామున గుంటూరులో పరమపదించారు. ఫోనులో ఆ వార్త చెప్పిన సహోద్యోగిని కసురుకున్నాను. ఆదివారమేగా నాతో మాట్లాడి, మీ హెడ్మాస్టరు ఇంకా కుర్చీలో కునుకు తీస్తున్నాడా అని అడిగారు. అలాంటి మనిషి పోవడమేమిటి? మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ముప్పై ఏళ్ళకు పైగా మిరప, పత్తి చేల మధ్య ఊళ్ళలో లెక్కలు బోధించిన విదుషీమణి, నిరాడంబరమూర్తి. కోపిష్ఠి కూడా, దాచడమెందుకు? ఆలస్యంగా వచ్చిన టీచర్లను పిల్లల ముందే నిలదీసేవారు. నన్నూ నిలదీశారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇద్దరికీ ఇంటింటి సర్వే పని పడింది. నేను రాయాలి, ఆవిడ సరిచూడాలి. ఒక ఇంటాయన "మా ఆడోళ్ళు ఏ పనీ చెయ్యరండి, ఇంట్లోనే ఉంటారు" అన్నాడు. ఆయన వెనకాలే వసారాలో భార్య మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. నేను 'గృహిణి' అని రాయబోతే టీచరుగారు చెయ్యి పట్టుకుని ఆపి, ఆమెనే అడిగారు: "నిన్న పొద్దున్నించి ఏమేం చేశావమ్మా?" ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి పావుగంట పట్టింది.

"పని చేస్తావా అంటే లేదనే అంటారు. ఏం చేశావని అడగాలి" అనేవారు టీచరుగారు. మా వైపు కాస్త నిలదొక్కుకున్న ఇంట్లో ఆడవాళ్ళు కూలికి వెళ్ళరని చెప్పుకోవడం గొప్ప. తరతరాలుగా సేద్యాన్ని మోసిన స్త్రీలు కాగితం మీద కనబడకపోవడానికి ఆ గొప్పే కారణమని ఆవిడ నిశ్చితాభిప్రాయం.

మా ఇంటి ఫారం మాత్రం అమ్మను అడక్కుండా నేనే నింపాను. మన ఇల్లే కదా, అడిగేదేముంది అనుకుని అమ్మ పేరు పక్కన 'గృహిణి' అని రాసేశాను. అమ్మ అప్పుడు రోజూ మిరపకోతకు కూలికి వెళ్తోంది. తెలియక రాయలేదు. టీచరమ్మ తల్లి కూలికి వెళ్తుందని ఆఫీసులో ఎవరైనా చదువుతారేమోనని సిగ్గుపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

టీచరుగారు ఆ ఫారం చూసి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, అమ్మ చేలో నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నారు. మంటెత్తే చేతులకు నూనె రాసుకుంటూ అమ్మ టీచరుగారు చెప్పిందంతా వింది.

"అట్లాగే ఉండనీయండి టీచరుగారూ. పిల్లకి నామోషీ" అంది.

"నామోషీ ఆ అమ్మాయిది. పని మీది. ఏం రాయమంటారో మీరే చెప్పండి."

అమ్మ నావైపు చూసింది. నేను తలెత్తలేదు. "కోతకెళ్తానని రాయండి" అంది. టీచరుగారు పెన్ను నా చేతిలో పెట్టారు. కొట్టేసి, నేనే రాశాను.

నాకు పాఠం చెప్పడం నేర్పిన గురువులు చాలామంది ఉన్నారు. నా తల్లిని చూడడం నేర్పింది ఈవిడ ఒక్కరే. ఆ లోటు నాకు తీరదు. ఆ ధన్యచరితకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అంత్యక్రియలకు అమ్మ కోత మానుకుని వచ్చింది. తిరిగొస్తూ బస్సులో, టీచరుగారి గురించి పత్రికకు రాస్తున్నానని చెప్పాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఈసారన్నా నన్ను ఇంట్లో కూర్చోబెట్టమాక" అంది.