సున్నా కాని గడి

మా ఆఫీసులో ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అనేవాళ్ళు. ఎదురుగా ఉంటే మాస్టారు, వెనక్కి తిరిగితే చుక్కలు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. జనాభా లెక్కల పట్టికల్ని బయటికి పంపే ముందు ఆఖరిసారి సరిచూసే ఉద్యోగం ఆయనది. ముప్పై రెండేళ్ళు అదే పని, కిటికీ పక్కన అదే బల్ల. బల్ల మీద ఒక చెక్క స్కేలు, రెండు ఎర్ర పెన్సిళ్ళు, మూత సరిగా పట్టని మంచినీళ్ళ సీసా. స్కేలును వరుస కింద వరుసకు జరుపుకుంటూ దిగేవారు. పట్టిక పూర్తయ్యాక అడుగున "సరిగ్గానే ఉంది" అని రాసి పొట్టి సంతకం చేసేవారు. ఆ రెండు మాటలు పడనిదే ఏ కాగితమూ గది దాటేది కాదు. తప్పు దొరికిందా, రాసినవాడికి చుక్కలు చూపించేవారు.

కానీ ఆ పేరు వచ్చింది అందుకు కాదు. మా పనిలో ఒక నియమం ఉంది. నాలుగైదు వీధులు కలిపితే ఒక బ్లాకు. ఆ బ్లాకు పట్టికలో ఏ గడిలోనైనా ఒకరో ఇద్దరో మాత్రమే ఉంటే ఆ అంకె బయట పెట్టకూడదు. పెడితే ఆ ఒక్కరూ ఎవరో వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. ఎవరింటి గుట్టు వాళ్ళది కదా. అందుకని అంకె తీసేసి అక్కడ నక్షత్రం గుర్తు పెడతారు. అదే చుక్క. ఒక్క చుక్కతో సరిపోదు, పక్క గడి కూడా మూయాలి. లేకపోతే మొత్తంలోంచి మిగతావి తీసేసి తెలివైనవాడెవడో దాన్ని బయటికి లాగేస్తాడు. ఏ గడి మూయాలో, దానికి తోడుగా ఇంకేది మూయాలో మాస్టారికి చూడగానే తెలిసేది.

నేను ఆ ఆఫీసులో చేరింది, ఈ పట్టికలన్నీ జనం ఫోన్లలో చూసుకునేలా సైటు కట్టడానికి. ఈసారి అచ్చు పుస్తకాలు ఉండవు, అంతా సైటులోనే అని పైనుంచి ఆర్డరు వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. నోరెక్కువ, ఓపిక తక్కువ. మ్యాపులో మీ వీధి మీద వేలు పెడితే చాలు, ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు, ఎవరికి ఏ పని, అన్నీ రంగు రంగుల పట్టీల్లో లేచి నిలబడేవి. నాకు నేనే ముచ్చటపడిపోయేదాన్ని.

ఆ సైటు కోసం మాస్టారి ఇంట్లో ఒక తల్లి రోజులు లెక్కపెట్టుకుంటోందని అప్పుడు నాకు తెలియదు. మీకు మాత్రం ముందే చెబుతున్నాను. నేను చేసింది ఎంత పనో మీకు తెలియాలి.

మాస్టారు దంపతులకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. చుట్టాలెవరైనా వస్తే పిల్ల ఎదురుగా నిలబడి ఉన్నా "పిల్ల బాగుందా?" అని తల్లిని అడిగేవాళ్ళు. జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ మాత్రం అలా అడగలేదట. ఫారం పిల్లవైపు తిప్పి, పెన్ను చేతికిచ్చి, వయసు రాయాల్సిన చోటు వేలితో చూపించింది. పిల్ల పదిహేడు అని రాసింది. వినికిడి అన్న చోట టిక్కు కూడా తనే పెట్టుకుంది. టీచరమ్మ వెళ్ళాక ఇల్లంతా గంతులేసింది. ఆ కాగితం ఎక్కడికి పోతుంది, అందులో నేనెక్కడుంటాను అని సైగలతో తండ్రి ప్రాణం తోడేసింది. "పేరు ఉండదు, చుక్కలో ఉంటావు" అని ఆయన గాల్లో వేలితో గీసి చూపించారు. కాగితాలు పట్టికలయ్యే దాకా ఆగమన్నారు.

ఆ పిల్ల ఆగలేకపోయింది. తొమ్మిది నెలలకు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. పట్టికలు తయారయ్యేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. తమ బ్లాకు పట్టిక తిరిగి తిరిగి ఆయన బల్ల మీదికే వచ్చింది. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళు, ఆడవాళ్ళు, బొత్తిగా వినపడనివాళ్ళు. ఆ గడిలో అంకెను ఆయనే ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, చుక్క పెట్టి, అడుగున "సరిగ్గానే ఉంది" అని రాసి ఇంకో పట్టిక తీసుకున్నారు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్యతో మాత్రం, సైటు రాగానే చూసుకుందువుగాని అన్నారు.

ఇక నా నిర్వాకం. పట్టీ గీయాలంటే అంకె కావాలి. చుక్క తగిలిన చోటల్లా నా ప్రోగ్రాము మొరాయించేది. ప్రారంభోత్సవం తేదీ నెత్తి మీదికొచ్చింది. నేను ఒక్క లైను రాసి పడేశాను. అంకె కానిది ఏది కనపడినా దాన్ని సున్నా అనుకో. అంతే, పట్టీలన్నీ టకటకా లేచాయి. ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు మాస్టారు స్కేలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఇక్కడ సున్నా వస్తోందే. ఇది చుక్క కదా."

"రెండూ ఒకటే మాస్టారూ. చూసేవాళ్ళకి ఏం తేడా?"

"ఒకటెలా అవుతుంది? సున్నా అంటే ఎవరూ లేరని. చుక్క అంటే ఉన్నారు, మనం చెప్పట్లేదని."

"ఒకరిద్దరి కోసం పట్టీ గీసినా గోరంత కూడా ఉండదండీ. ఎవరికి కనపడుతుంది?"

ఆయన స్కేలును చేతిలో అటూ ఇటూ తిప్పి వెళ్ళిపోయారు. రెండోసారి తప్పొచ్చిన గడులన్నీ కాగితం మీద వరుసగా రాసి తెచ్చారు. గుండ్రటి దస్తూరీ, నాలుగు పేజీలు. నేను చూస్తానని చెప్పి దాని మీద టీ కప్పు పెట్టుకున్నాను. మూడోసారి మీటింగులో లేచి నిలబడ్డారు. డైరెక్టరు గారు నావైపు చూశారు.

"ఏమ్మా, ఆయనేదో అంటున్నారు?"

"జనానికి చుక్కలు చూపిస్తే సైటు పాడైందనుకుంటారు సార్."

గదంతా ఘొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి కూర్చున్నారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

చాలాకాలం నాకు ఆయన మీదే కోపంగా ఉండేది. ఒక్క మాట, మా అమ్మాయి అని ఒక్క మాట అంటే నేనేమైనా రాక్షసినా? కానీ ఆయన ఎలా అంటారు? ఆ మాటంటే ఆ గడిలో ఎవరున్నారో చెప్పినట్టే. ముప్పై రెండేళ్ళు ఊరందరి గుట్టూ దాచిన మనిషి, తన ఇంటి కోసం ఆ నియమాన్ని తప్పలేకపోయారు.

సైటు ప్రారంభమైంది. చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగాం. తర్వాతి రెండు రోజులు మాస్టారు ఆఫీసుకు రాలేదు. మూడో రోజు వచ్చి నేరుగా నా దగ్గరికే వచ్చారు. గడ్డం గీసుకోలేదు. చేతిలో అంచు పగిలిన ఫోను ఉంది.

"మా ఆవిడ ఫోను" అన్నారు. "ఆవిడ చూసింది."

తెర మీద వాళ్ళ బ్లాకు, ఆ వయసు వరుస, దాని పక్కన సున్నా. నాకు ఏమీ అర్థం కాక ఆయన మొహంలోకి చూశాను. అప్పుడు చెప్పారు. నిలబడే చెప్పారు, గొంతు పెంచకుండా, అచ్చం తప్పులు చదివి వినిపించినట్టే.

"'పోయిందని కొట్టేశారా?' అంది. 'నా పిల్ల తన చేత్తో రాసుకుంది, నేను చూశాను, మీరే తీసేశారు' అంది. నేను తీయలేదంటే నమ్మలేదు. రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. నువ్వేం అనుకోకు. కొంచెం చూడు, అమ్మాయ్."

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఆ ఒక్క లైను తీసేయడానికి ఒక నిమిషం పట్టింది. దాని మీద ఆధారపడ్డ పదకొండు రకాల పట్టీల్ని బాగుచేయడానికి సాయంత్రం దాకా పట్టింది. టీ మరక పడ్డ ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టుకుని ఒక్కో గడీ సరిచూశాను. తోడుగా మూసినవి వదిలేసి, మిగతా ప్రతి చుక్క మీదా వేలు పెడితే కింద ఒక మాట వచ్చేలా చేశాను. "ఇక్కడ ఒకరు లేదా ఇద్దరు ఉన్నారు."

భార్య ఇక ఆ ఫోను ముట్టుకోవడం లేదని చెబితే, ఆ సాయంత్రమే నేనూ ఆయన వెంట వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, మెట్లెక్కితే మూడో అంతస్తు. బెల్లు నొక్కితే మోత రాలేదు. లోపల గోడ మీద బల్బు వెలగడం కిటికీలోంచి కనిపించింది. పిల్ల కోసం ఆయన అలా తీగలు మార్చి పెట్టారట. చూసేవాళ్ళు లేకపోయినా బెల్లును ఎవరూ మళ్ళీ మోగేలా చేయలేదు.

ఆవిడ నన్ను కూర్చోమంది గానీ నా మొహం చూడలేదు. మాస్టారు ఫోను ఆవిడ ముందు పెట్టారు. చాలాసేపటికి తీసుకుంది. కళ్ళజోడు తెచ్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కిందికి దిగి, చుక్క దగ్గర ఆగింది. వేలు పెట్టింది. కింద మాట వచ్చింది.

"ఒకరో ఇద్దరో అంటోందేంటి? ఒక్కతేగా మనకి."

మాస్టారు గోడవైపు చూస్తున్నారు.

"అది నేను చెప్పకూడదు" అన్నారు.

"నాకు కూడానా?"

"నీకు కూడా."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఒక్కసారి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండు రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాటలట అవి. నేను తలొంచుకుని కూర్చున్నాను. అంతా నావల్లే కదా అని లోపల కుమిలిపోయాను.

"ఇది ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని నన్ను అడిగింది.

"వచ్చే లెక్కల దాకా ఉంటుంది పిన్నిగారూ. అప్పుడు కొత్తవి వస్తాయి."

"అప్పుడు కూడా పెట్టగలవా? నీ చేతిలో పనేగా."

పెడతానని నా నోటి చివరి దాకా వచ్చింది. ఒక చుక్కే కదా, ఎవరు చూడొచ్చారు? మాస్టారు నాకంటే ముందే అన్నారు.

"కుదరదు. అప్పటికి అక్కడ ఉండదుగా. లేనిదాన్ని ఉందనకూడదు."

ఆవిడ ఫోను ఆర్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. కిటికీ పక్క బల్ల నాకొచ్చింది, స్కేలు కూడా. తర్వాతి జనాభా లెక్కలు జరిగి పట్టికలు వచ్చేసరికి నాకూ జుట్టు నెరిసింది. ఆ బ్లాకు పట్టిక వచ్చిన రోజు స్కేలు పెట్టి నెమ్మదిగా దిగాను. ఆ గడిలో సున్నా. ప్రోగ్రాము పొరపాటేమోనని అసలు లెక్క తీశాను. మూడుసార్లు చూశాను. ఈసారి తప్పు నాది కాదు. ఇది సున్నాయే. తప్పు నాదైతే ఎంత బాగుండు, ఒక్క నిమిషంలో సరిచేసేదాన్ని కదా అనుకున్నాను.

కొత్త లెక్కలు సైటులో పెట్టిన మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. ముందు వినిపించింది ఆవిడ గొంతు.

"పాత ఏడాది మీద నొక్కితే చుక్క వస్తోందమ్మా. దాన్ని తీసేయరుగా?"

"తీయం పిన్నిగారూ. నేనున్నంతకాలం తీయనివ్వను."

ఫోను చేతులు మారింది. మాస్టారి ఊపిరి వినపడింది.

"చూశారా మాస్టారూ, కొత్తది?" అన్నాను.

"చూశాను."

స్కేలు పెట్టి వరుస చివరిదాకా దిగే మనిషి ఆయన.

"సరిగ్గానే ఉందమ్మా" అన్నారు.