జుట్టుపిట్ట గోళ్ళు

మా సబ్‌సెంటర్ కింది ఊళ్ళలో నా స్కూటీ చప్పుడు వినపడితే చాలు, చిన్నపిల్లలు మంచాల కిందికి దూరతారు. నేను ఏఎన్ఎంని. టీకాలు వేసేది నేనే. తల్లి బిడ్డను ఒళ్ళో గట్టిగా పట్టుకుంటే, వాడు కెవ్వుమనేలోపు సూది వేసి, దూది అద్ది, "అయిపోయింది, పో" అంటాను. సూది కనపడనీయకు, జల్దీ కానియ్యి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చిన విద్యంతా ఈ రెండు ముక్కలే. బెదిరిన ప్రాణిని ఎట్లా పట్టుకోవాలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదని కాస్త గర్వం కూడా ఉండేది. గుప్పెట్లో పట్టే ఒక పిట్ట ఆ గర్వం దించింది.

పినపాకలో మా ఇంటి పక్క వాటాలో బొగ్గు గనిలో పనిచేసే ఒకాయన కుటుంబం కిరాయికి ఉండేది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఆయన భార్య ఒక పంజరం తెచ్చి మా అరుగు మీద పెట్టింది. "నువ్వు నర్సువి కదక్కా, మంచిగ చూసుకుంటవ్" అంది. నర్సుకీ పిట్టకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. లోపల బూడిద రంగు పిట్ట. మొహం పసుపు పచ్చన, చెంపలకు గుండ్రంగా నారింజ రంగు మచ్చలు, నెత్తిన నిక్కబొడుచుకునే జుట్టు. కాకటీల్ అంటారట.

మా అత్తమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "దీనికి బొట్టు చెంపలకు పెట్టిండ్రేందే?" అంది. తర్వాత ముఖం చిట్లించి, "పంజరంల పిట్టను సాకుతే ఇంటికి మంచిది కాదు. గింజలు నేను వెయ్య, చెప్తున్న" అని లోపలికి పోయింది. రెండో రోజుకే ఆమె గింజలు వేయడం నేను చూశాను. అడిగితే, "ఆకలైతే అరుస్తది, నాకు తలనొప్పి" అంది.

పిట్టకు చెయ్యి అంటే చచ్చేంత భయం. పాత ఇంట్లో పిల్లలు దాన్ని పట్టుకోవాలని పంజరంలో చెయ్యి పెట్టి తరిమేవాళ్ళట. నీళ్ళ గిన్నె మార్చబోయినా బుస్సుమని ఓ మూలకు నక్కేది. ఎవరూ పట్టలేక దాని గోళ్ళు కత్తిరించనే లేదు. అవి పెరిగి పెరిగి కొడవలి మొనల్లా లోపలికి వంకర తిరిగాయి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పిడుగు పడేసరికి పిట్ట పంజరమంతా కొట్టుకుంది. అత్తమ్మ కేక వేసింది. "పిట్ట ఉరేసుకున్నదే!" పరుగెత్తి చూస్తే, గోరు తీగలో ఇరుక్కుని ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతోంది. తీగ వంచి విడిపించాను. దాని కాలివేలి నుంచి నెత్తురు కారింది. ఇంకో పిడుగుకి కాలే విరుగుతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

అంతటితో ఆగానా? ఆగలేదు. నా విద్య ఉందిగా. వాన వెలవగానే తువ్వాలు తెచ్చి, ఒక్క ఉదుటున కప్పి, పిట్టను పట్టేసి, "అత్తమ్మా, నెయిల్ కట్టర్ తే, చిటికెల పని" అన్నాను. తువ్వాల్లో దాని గుండె నా వేళ్ళకు తగిలింది. అది కొట్టుకోవడం కాదు, వణుకు. ముక్కు తెరిచి రొప్పింది. కళ్ళు మూతలు పడ్డాయి. తల ఒక పక్కకు వాలిపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేట్టుందని అర్థమై తువ్వాలు తీసేశాను. చాలాసేపు పంజరం అడుగున అట్లాగే పడి ఉంది. నేను పక్కన కూర్చుని కనపడ్డ దేవుడికల్లా మొక్కాను. చివరికి లేచి, నా వైపు చూసి, బుస్సుమంది. ఆ బుస నాకు అమృతంలా వినపడింది.

మర్నాడు పశువుల దవాఖానాకు వెళ్ళి డాక్టరుకు ఫోటోలు చూపించాను. "సిస్టర్, నేను బర్రెల డాక్టర్ని. ఈ పిట్టను చేతుల పట్టుకున్నోన్ని కాదు" అన్నాడాయన నిజాయితీగా. అయినా తనకు తెలిసిన ఇంకో డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. "గోర్లు తీయకపోతే మొన తిరిగి పాదంల గుచ్చుకుంటది. కానీ గుంజి పట్టుకున్నరనుకో, భయానికే పోతది. ముందు చేతికి అలవాటు చేయండ్రి. వానలు దంచుడు మొదలయ్యేలోపు తీస్తే మంచిది" అన్నాడు.

అప్పట్నుంచి ఉన్న విద్యంతా మరిచిపోవడం మొదలుపెట్టాను. డ్యూటీ నుంచి వచ్చి, పంజరం పక్కన పీట వేసుకుని, కొర్రలు అరచేతిలో పోసుకుని ఊరికే కూర్చునేదాన్ని. పిట్ట అటు తిరిగి కూర్చునేది. నేనూ మొండిదాన్నే. చెయ్యి ముందు పంజరం బయట, తర్వాత తలుపు దగ్గర, ఆ తర్వాత గడప లోపల. ముందుకు జరిగితే జుట్టు నిక్కేది. వెంటనే వెనక్కి తీసేదాన్ని. సూదిని దాచిపెట్టే నేను నెయిల్ కట్టర్‌ను దాని కళ్ళ ముందే పెట్టాను. ముక్కుతో పొడిచి చూసుకోనిచ్చాను. దూరంగా కటుక్కుమనిపించి ఒక గింజ, దగ్గరగా కటుక్కుమనిపించి ఇంకో గింజ.

ఈ తంతు జరుగుతున్నంతసేపూ అత్తమ్మ పంజరానికి అటువైపు కూర్చుని చింతపండు గింజ తీసేది. పొద్దంతా ఆమె చోటు అదే. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "నా కొడుక్కి ఒక్కనాడన్న గిట్ల చేతుల పెట్టి తినిపించినవానే?" అనేది. నేను డ్యూటీకి పోయాక ఆమె ముచ్చట్లన్నీ పిట్టతోనేనని మా ఆయన చెప్పాడు. కోడలి మీద చాడీలు కూడా అందులో ఉన్నాయట.

మొత్తానికి ఒకరోజు పిట్ట నా వేలెక్కింది. బరువు ఉందా లేదా అన్నట్టుంది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇంకొన్నాళ్ళకు తల వంచి, జుట్టు కింద గోకమని అడగడం నేర్చింది. గోళ్ళను కట్టర్‌తో తాకినా ఊరుకుంది. ఒక గోరు మొన అప్పటికే పాదానికి ఆనుతోంది. ఇక ఆగకూడదు, వచ్చే ఆదివారం తీసేద్దామనుకున్నాను.

అప్పటికి ఆషాఢం. శనివారం సాయంత్రం చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరారు. గోరింటాకు మిక్సీలో నూరి, ఒకరి చేతికి ఒకరు పెట్టుకుంటూ ఒకటే నవ్వులు. ఎప్పటిలాగే అడిగాను, "అత్తమ్మా, నువ్వూ రా" అని. ఎప్పటిలాగే, "నాకెందుకే, మీరు పెట్టుకోండ్రి" అని ఆమె చేతులు కొంగులో దాచుకుని అరుగు మీద పిట్ట దగ్గరికి పోయి కూర్చుంది.

మా అత్తమ్మ చేతుల సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె పోసిన మిరప నారు చావదని ఊళ్ళో పేరు. నారుమడిలో ముందు ఆమె గుప్పిట గింజలు పడాలని పక్క చేన్ల వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. చేతి చలువ అనేవారు. మామయ్య పోయాక ఎవరూ పిలవలేదు. రావద్దని ఎవరూ అనలేదు కూడా. ఆమే వెనక్కి జరిగింది. మా చేలో నారు పోసినా గట్టు మీదే నిలబడేది. "ఇదెక్కడి పద్ధతి?" అని నేను ఎన్నిసార్లు కొట్లాడానో లెక్కలేదు. ఒక్కసారీ గెలవలేదు.

ఆదివారం పొద్దున్నే చేతులు ఎర్రగా పండాయి. మురిసిపోతూ పంజరం దగ్గరికి పోయి, తలుపు తీసి, వేలు పెట్టాను. పిట్ట కెవ్వుమని అరిచి ఎగిరింది. తీగలకు కొట్టుకుని ఈకలు రాలాయి. నాకేం అర్థం కాలేదు. తలుపు వేసి, చేతులు కొంగులో చుట్టుకుని పిలిస్తే, మెల్లగా నా వైపు జరిగింది. కొంగు తీశానో లేదో మళ్ళీ మూలకు నక్కింది. ఎర్ర చెయ్యి! ఎండాకాలమంతా అది చూసిన చెయ్యి ఇది కాదు. పిట్ట మచ్చిక కోసం అన్నాళ్ళు తపస్సు చేసి, ముందు రోజు సాయంత్రం గోరింటాకు పెట్టుకున్న బుద్ధిమంతురాలిని నేనే అయి ఉంటాను.

సబ్బు, నిమ్మచెక్క, చింతపండు, అన్నీ పెట్టి రుద్దాను. గోరింటాకు ఇంకా మెరిసింది. సబ్‌సెంటర్ గ్లవ్స్ తొడుక్కుని పోతే అచ్చం దయ్యాన్ని చూసినట్టు చూసింది. "మంచి మొగుడొస్తే ఎర్రగ పండుతదంటరు కద. నా మంచితనం పిట్ట పానం మీదికొచ్చె" అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. అరచేతులు తెల్లబడేదాకా పిడుగులు ఆగుతాయా?

అప్పుడు చూశాను. పంజరానికి అటువైపు అత్తమ్మ, ఆమె ఒళ్ళో చేతులు. గాజులు లేవు, రంగు లేదు.

"అత్తమ్మా, నువ్వు చెయ్యి పెట్టు."

"నేనా? నా చెయ్యి వద్దే."

"గోర్లు తీసేటందుకు కూడ ముహూర్తాలు, మంచీ చెడు ఉంటయా?" నాకు కోపం వచ్చింది. "దాని కాలు పోతే మంచిదా?"

ఆమె తన చేతుల వంక చూసుకుంటూ, "మీ మామ నోట్ల ఆఖరి నీళ్ళు పోసింది ఈ చెయ్యే. గుటక పడలే. దీనికి కూడ నా చేతులనే ఏమన్న అయితే?" అంది.

ఇన్నేళ్ళుగా నేను పద్ధతుల మీద కొట్లాడుతున్నాను. ఆమె భయం ఇదని నాకు తెలియనే తెలియదు.

ఎక్కడో ఉరిమింది. పిట్ట రెక్కలు కొట్టుకుని తీగ మీదికి ఎగిరింది. అంతే, అత్తమ్మ ఏం ఆలోచించిందో ఏమో, "అయ్యో అయ్యో, ఇగో, నేనున్న" అంటూ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టేసింది. పిట్ట ఒక్కసారి తల వంచి చూసింది. చూసి, వేలు కూడా కాదు, నేరుగా అరచేతిలోకే దిగి కూర్చుంది.

అత్తమ్మ కదల్లేదు. "ఏందే ఇది?" అంది గొణుగుతున్నట్టు.

"గట్లనే మెల్లగ బయటికి తీసుకో. ఛాతీ నొక్కకు" అన్నాను. ఆమె పిట్టను ఎదకు ఆనించుకుని, దాని మొహం అరచేత్తో కప్పి, జుట్టు కింద గోకుతూ కూర్చుంది. నా ఎర్ర చేతులు దానికి కనపడలేదు. కింది నుంచి కాలు పట్టుకున్నాను. మొదట, పాదానికి ఆనుతున్న గోరు. కటుక్. కాలు గుంజుకుంది గానీ ఎగరలేదు. అత్తమ్మ ఏదో పాత ముచ్చట చెబుతూనే ఉంది, బహుశా నా మీద చాడీయే. ఇంకోటి. మధ్యలో ఆగి కొర్రలు పెట్టాం. ఒక్క దగ్గర నెత్తురు చుక్క కనపడింది. పసుపు అద్దితే ఆగిపోయింది. ఆఖరి గోరు తీసేసరికి పిట్ట కళ్ళు మూసుకుని ఆమె బొటనవేలికి తల ఆనించి ఉంది. తువ్వాల్లో వాలినట్టు కాదు, నిద్రపోతున్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద బరువు మోస్తున్నానని దించాకే తెలిసింది. "పోరగాండ్లను ఏడిపించేదానివి, నువ్వే ఏడుస్తున్నవా?" అంది అత్తమ్మ, కొంగుతో తన కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం వాన దంచింది. ఉరుములకు పిట్ట ఎగిరి తీగలు పట్టుకుంది, వదిలేసింది, మళ్ళీ పుల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఏ గోరూ ఇరుక్కోలేదు. అది చూసి మేమిద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం.

వాన తెరిపిచ్చాక మిరప నారు పోశాం. మా ఆయన గింజలు గిన్నెలో పోసుకుని మడిలోకి దిగాడు. గట్టు మీద నిలబడ్డ అత్తమ్మ ఉన్నట్టుండి, "గిటు తేరా" అని చెయ్యి చాపింది. ఆయన నా వైపు చూశాడు. నేను వేరే దిక్కు చూశాను. ఆయన ఆమె గుప్పిట నింపాడు.

ఒక్క మొక్కా చావలేదంటే అబద్ధం. వాన ఎక్కువై ఓ పక్కన కుళ్ళింది. అయినా మిగతాది పచ్చగా, ఒత్తుగా లేచింది. అది చూసి పక్క చేను ఆవిడ మా ఇంటికి వచ్చి, అరుగు దగ్గర కాస్త మొహమాటంగా నిలబడి, "అత్తా, మా నారు మునిగి పోయింది. మళ్ళ పోస్తున్నం. జర వస్తవా?" అని అడిగింది.

అత్తమ్మ వేలి మీద పిట్ట ఉంది. తెచ్చి నా వేలికి అందించింది. నా చేతుల ఎరుపు అప్పటికి వెలిసిపోయింది, పిట్ట పేచీ పెట్టకుండా ఎక్కింది.

"దానికి కొర్రలు నువ్వు పెట్టు. నాకు పనున్నది" అని చెప్పులు వేసుకుని వెళ్ళింది.