మార్జిన్‌లో గీకిన పేరు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రోజూ డైరీ రాస్తున్నాను. పేజీకి ఎడమవైపు మార్జిన్ గీసి, విన్న ప్రతి సంగతికీ ఎదురుగా అది ఎవరు చెప్పారో రాస్తాను. నేనే చూసినదైతే ‘స్వయంగా’ అని రాస్తాను. జగిత్యాలలో ప్రభుత్వ గెస్ట్‌హౌస్ వ్యవహారాలు చూసే ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. ఎవరు చెప్పారో తెలియని మాటకు విలువ లేదనుకునేవాణ్ణి. ఆ పద్ధతే ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కోరుట్లలో మా ఇంటి దగ్గర మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపేసి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని అందరూ కలిసి తినడం అప్పటి మా నిరసన. మా నాయకుడూ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. “తెలంగాణ అచ్చేదాక నా బువ్వ మీతోటి రోడ్డు మీదనే” అన్నాడు. చప్పట్లు ఆగేలోపు మూడు ముద్దలు తిని, లేచి కారెక్కాడు. అది నేను చూశాను.

ఆయన అక్కడి నుంచి జగిత్యాల గెస్ట్‌హౌస్‌కు పోయి బగార అన్నం, నాటుకోడి కూర తిన్నాడని మర్నాడు అక్కడి వంటమనిషి నాకు చెప్పాడు. నా సర్వీసులో సగం కాలం ఆ వంటమనిషి చేతి చాయే తాగాను. ముసలితనం వచ్చినా ఆయన ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. పెద్దవాళ్లెవరైనా వద్దంటే ఆ పూటే ఇంటికి పోవాలి. అది తెలిసీ, ఆయన చెప్పిన సంగతి రాసి, పక్కన మార్జిన్‌లో ఆయన పేరు కూడా రాశాను.

మా అల్లుడు హైదరాబాద్‌లో ఒక చానల్‌లో రాత్రిపూట వచ్చే కామెడీ షోకు జోకులు రాస్తాడు. ఇంటికి వచ్చినప్పుడు ఆ పేజీ చదివి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

“మామా, ఇయ్యాల రాత్రి మా షోల మీ నాయకుడు అస్తుండు. షూటింగ్ మొన్ననే అయింది. నీ డైరీ ముచ్చట మస్తు పేలింది.”

“ఏ ముచ్చట?”

“నాటుకోడిది.”

“పేరు చెప్పిండ్రా?”

“ఎవ్వరి పేరు లేదు మామా. జోకుకు పేరెందుకు?”

రాత్రి టీవీ ముందు నేనూ నా భార్యా కూర్చున్నాం. యాంకర్ చాలాసేపు అవీ ఇవీ అడిగి, చివరికి అక్కడికే వచ్చాడు.

“రోడ్డు మీద ఎన్ని ముద్దలు తిన్నరు సార్?”

“కడుపు నిండ తిన్న.”

“మూడట సార్! మూడు ముద్దలకే కడుపు నిండితే దేశంల కరువే ఉండదు. మరి గెస్ట్‌హౌస్ నాటుకోడి ఎన్ని ముద్దలు?”

జనం గొల్లున నవ్వారు. నాయకుడూ నవ్వాడు. “అరె, గది నీకెట్ల ఎర్క?”

“మా దగ్గర డైరీ ఉంది సార్.”

“ఎవ్వలిదో సూపియ్యి మరి. గా గదిల మేం నలుగురం. వడ్డించినోడు ఒక్కడే.”

నవ్వులు ఇంకా పెరిగాయి. నా భార్య మాత్రం నవ్వలేదు. “నోరు నవ్వుతుంది గని, కండ్లు సూడు” అంది.

ఆమె పడుకున్నాక డైరీ తీశాను. మార్జిన్‌లో వంటమనిషి పేరును బ్లేడుతో గీకాను. గీకిన చోట గోటితో రుద్దితే సిరా పాకదని ఆఫీసులో అందరికీ తెలుసు. అలా రికార్డులు గీకినవాళ్లకు ఇచ్చే మెమోలు టైపు చేసింది నేనే. పేరున్న చోట ‘స్వయంగా’ అని రాశాను.

మర్నాడు నాయకుడు సిరిసిల్ల మీటింగ్ ముగించుకొని ఆ రోజే జగిత్యాల వస్తాడని పేపర్లో ఉంది. ఆయన వంటమనిషిని అడగకముందే నేనే ఒప్పుకోవాలని డైరీ సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

గెస్ట్‌హౌస్ హాల్లో నాయకుడు, ఇంకో ఇద్దరు కూర్చొని ఉన్నారు. సంగతి చెప్పాను.

“ఏం పెద్దమనిషీ, నా ముద్దలు లెక్కవెట్టింది నువ్వేనా?”

“నేనే సార్.”

డైరీ అందుకొని ఆ పేజీ చదివాడు. “స్వయంగనా? నువ్వు నాకు కనవడలేదే.”

“వరండల కూసున్న సార్. కిటికీ తెరిచుండె.”

ఆయన పేజీని ఎత్తి వెలుతురు వైపు తిప్పబోయాడు. గీకిన చోట కాగితం పలచబడుతుందని, వెలుతురులో పెడితే దొరికిపోతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే వంటమనిషి చాయ్ తెచ్చాడు.

నాయకుడి చెయ్యి ఆగింది. “ఏం భాయ్, గీ సార్ ఆనాడు ఇక్కడున్నడా?”

వంటమనిషి నన్ను చూశాడు, డైరీని చూశాడు. ట్రేలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి.

“ఉండె సాబ్. వరండల. నేనే చాయ్ ఇచ్చిన.”

నాయకుడు డైరీ మూసి తన పక్కన పెట్టుకున్నాడు. “గిది నా దగ్గరుంటది. ఇంకోపారి అస్తె వరండల కాదు, లోపల కూసో. నీకు వడ్డిపిస్త. నీ ముద్దలు నేను లెక్కవెడత.”

మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను.

వంటమనిషి గేటు దాకా వచ్చాడు. “సాబ్, నా పేరు రాసిండ్రా అండ్ల?”

“రాసిన. రాత్రి గీకేసిన.”

“నేను మీకు చెప్పిన సాబ్. కాయితానికి చెప్పలే” అని లోపలికి వెళ్లిపోయాడు.

డైరీ తిరిగి రాలేదు. ఆ పేజీ ఎప్పుడైనా కిటికీ దగ్గర తెరుచుకుంటే చాలు, గీకినది బయటపడి వంటమనిషి పని పోతుంది. తెలంగాణ వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం, జగిత్యాల బస్సులో ఎప్పుడూ గెస్ట్‌హౌస్ వైపు సీటే చూసుకునేవాణ్ణి. వంటగది గోడకు ఆయన సైకిల్ ఆనించి కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆ రాత్రి కొత్త డైరీలో ఒక్క ముక్కే రాసేవాణ్ణి: సైకిల్ ఉంది. మార్జిన్‌లో: స్వయంగా.