లారీలు ఉన్నంతసేపు

ఎమ్మిగనూరులో ఒక కాలేజీ వాళ్లు నాకు సన్మానమని గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ‘ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఎదిగిన మన ప్రాంత ఆణిముత్యం’ అట. బతికున్న మనిషిని ఆణిముత్యం అనడం ఎవడు మొదలుపెట్టాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ. ఫోటోలో నా మొహానికి సున్నం కొట్టినట్టుంది. ప్రిన్సిపాల్‌కు నా కంపెనీ ప్రోగ్రాములు రాస్తుందని కూడా తెలీదు. కంప్యూటర్లు అమ్ముతాననుకుంటున్నాడు.

అయితే ఆ ఫ్లెక్సీ మీది అబద్ధం ఆయనది కాదు, నాదే. ఏళ్ల తరబడి మైకు దొరికిన చోటల్లా నేను చెప్పుకున్న కథే అది. గురువు లేడు, నా బుర్రే నాకు దిక్కు అని. వినేవాళ్లకూ అదే కావాలి. ఎవరో నేర్పారంటే పేపరోడు రాసుకోవడం ఆపేస్తాడు.

జరిగింది వేరు. ఆదోనిలో మా నాయన పనిచేసే జిన్నింగు మిల్లులో, పత్తి లారీలు తూచే గదిలో ఒక కంప్యూటరు ఉండేది. గాల్లో ఎగిరే దూది లోపల పేరుకుని అది మాటిమాటికీ ఆగిపోయేది. నా చేతులు సన్నవని, పెయింటు బ్రష్షుతో ఆ దూది దులపడానికి ఆదివారాలు నన్ను పిలిచేవాళ్లు. దాని ముందు కూర్చునేది ఒక ముస్లిం అక్క, ఆపా అని పిలిచేవాణ్ణి. తూకం చీటీలు ముద్రించే ప్రోగ్రాము ఆమే సొంతంగా రాసింది. మేనేజరు మాత్రం ఆమెను టైపు కొట్టే మనిషి అనేవాడు. ఆ మొద్దుకు మౌసు పట్టుకోవడం రాదు.

ఒకరోజు నేను దులపడం అయ్యాక, ఆపా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కిటికీలోంచి లారీల వరుస చూపించింది.

“సూడు బేటా. లారీ వచ్చె, తూకమాయె, పోయె. ఇంగొగటి వచ్చె. లారీలు ఉన్నంతసేపు ఇదే పని. అయిపోతే గేటు మూస్తారు. కంప్యూటరుకు గూడా ఇట్లే సెప్తాం, దీన్నే లూపంటారు.”

అక్కడ మొదలై, మూడేళ్లు తన అన్నం డబ్బా పక్కకు జరిపి మరీ నేర్పింది. నా కంపెనీ మొదట అమ్మిన సరుకు కూడా ఆ తూకం చీటీల ప్రోగ్రామే. నేను రంగులు మార్చాను, అంతే. పైగా దాన్ని నా సృష్టి అని చెప్పుకున్నాను.

సన్మానానికి పిల్లల తల్లిదండ్రులను కూడా పిలిచారు. గుచ్చుకునే శాలువా ఒకటి కప్పారు. నేను మామూలుగానే లారీల ఉదాహరణ ఎత్తుకున్నాను, అదేదో నాకే తట్టినట్టు. చప్పట్లు మోగాయి. రెండో వరుసలో ఒక అమ్మాయి లేచింది.

“సార్, మా అమ్మ గూడా లూపంటే ఇట్లే లారీలతోనే సెప్తాది. మీ వీడియో సూసి నేర్సుకున్నాదేమో.”

హాలంతా నవ్వింది. అప్పుడు చూశాను ఆ పిల్ల పక్కన కూర్చున్న మనిషిని. కళ్లద్దాలు వచ్చాయి, చెంపలు నెరిశాయి. ఆపా. ఆమె నవ్వలేదు, నావైపే చూస్తోంది. మైకు నా చేతిలోనే ఉంది. ‘మీ అమ్మే నాకు నేర్పింది’ అంటే సరిపోయేది.

“అయ్యుండొచ్చమ్మా,” అన్నాను.

మళ్లీ చప్పట్లు. థూ, నా బతుకు.

కార్యక్రమం అయ్యాక జనాన్ని తోసుకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర ఆమెను అందుకున్నాను. కూతురు నాలుగడుగులు ముందు, స్నేహితురాళ్లతో నడుస్తోంది.

“ఆపా, పాపను పిలువు. నిజం సెప్తాను,” అన్నాను.

“వద్దులేప్పా,” అందామె నెమ్మదిగా. “సదువుకోమని నేను సెప్తే అది యాడింటాది. నిన్ను సూసే సదువుకుంటాండాది. ఇప్పుడు దాని మనసు ఇరగ్గొట్టద్దు.”

అంత మాటకు ఎవడికైనా ఏడుపు రావాలి. నాకు మాత్రం హమ్మయ్య అనిపించింది.